శనివారపు ఇనుము

"అది నోరా, కత్తిపీటా? మిల్లులో అడుగుపెట్టి 'ఇక్కడ ఎవరిదో చెయ్యి పోతుంది' అంది. పోయింది. రేపు మనింటికొచ్చి పైకి చూసి 'ఈ ఫ్యాను పడుతుంది' అంటే నేనేం కావాలి?"

పక్కింటి సీతారావమ్మ ఈ మాట పూలమ్మే మనిషితో అందట. ఆ మనిషి సుబ్బరత్నమ్మకి సన్నజాజులు మూరెడు వేసి, మాట బారెడు వేసి వెళ్ళింది.

సుబ్బరత్నమ్మ పూలు దేవుడి దగ్గర పెట్టింది. మాటని మాత్రం వంటింట్లోకి తెచ్చి కోడలి ముందు దించింది.

"విన్నావా? వీధంతా ఇదే గోల. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోట కీడు పలకొద్దని ఆ రోజే చెప్పాను. వింటేనా?"

అనుపమ బియ్యం కడిగిన నీళ్ళు వంచుతోంది. తల ఎత్తలేదు.

"ఎక్కడ ఏం జరగొచ్చో చూసి చెప్పమన్నది మావయ్యగారే అత్తయ్యా."

"చూడమన్నారు. చూసి మెల్లిగా ఆయన చెవిలో వెయ్యాలి. హమాలీలూ ఆడకూలీలూ నోళ్ళు తెరుచుకు వింటుంటే, ఇక్కడ చెయ్యి పోతుంది, అక్కడ బస్తాల దొంతర మీదపడి మనిషి పోతాడు అని శకునాలు చదువుతావా? ఆ కొండమ్మ చీపురు పట్టుకుని అక్కడే నుంచుంది. నీ మాట పోయిపోయి దానికే తగిలింది."

"తగిలింది మాట కాదు. బెల్టు."

సుబ్బరత్నమ్మ చేతిలోని గరిటె గిన్నె అంచున ఠంగుమంది.

బుధవారం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

ఇల్లు తెనాలిలో అయినా, అనుపమ మావగారు దశరథరామయ్య రైసుమిల్లు మాత్రం భట్టిప్రోలు దాటాక రేపల్లె రోడ్డు మీద ఉంది. వేసవి చివర్లో బీమా కంపెనీవాళ్ళు, పాలసీ కొత్తగా రాయాలంటే మిల్లుకి రిస్కు అసెస్‌మెంటు, అంటే ముప్పు అంచనా, చేయించుకు రమ్మన్నారు. "బాపట్లలో ఇంజనీరింగు చదివిన కోడలు ఇంట్లో ఉంటే గుంటూరు నుంచి ఎవడో రావడమేంటి?" అని ఆయనే అనుపమని కారెక్కించుకుని మరీ తీసుకెళ్ళాడు.

ఆమె సుద్దముక్క చేత్తో పట్టుకుని మిల్లంతా తిరిగింది. ముప్పు ఉన్నచోటల్లా గోడ మీద ఇంటూ మార్కు పెట్టింది. పాలిషు మిషను పక్కన, ఆడవాళ్ళు ఒంగి తవుడు ఊడ్చేచోట, మోకాలెత్తులో బెల్టు పరుగులు పెడుతోంది. దానికి అడ్డమంటూ ఏమీ లేదు. అక్కడ మాత్రం మార్కు రెండుసార్లు పెట్టింది.

"దీనికి ఇనపజాలీ బిగించాలి. లేకపోతే ఎవరిదో చెయ్యి పోతుంది" అంది.

దశరథరామయ్య మొహం మాడిపోయింది. తెనాలిలో రహమతుల్లా వెల్డింగు షెడ్డుకి వెళ్ళి జాలీకి ఆర్డరైతే ఇచ్చాడు గానీ, కోడల్ని మళ్ళీ మిల్లు గడప తొక్కనివ్వలేదు. సుబ్బరత్నమ్మ పనిగట్టుకుని వెళ్ళి, ఆ మార్కుల్ని తడిగుడ్డతో తుడిపించి, మిషనుకి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చి కట్టించి వచ్చింది.

"జాలీ బిగించేశారా?" అని అనుపమ ఒకరోజు అడిగితే, "ఆఁ, అయిపోయింది" అన్నాడు ఆమె మొగుడు గిరీష్. అతనికి అబద్ధమాడే తెలివి లేదనుకుంది.

బుధవారం కొండమ్మ కొంగు బెల్టులో పడింది. కొంగు లాక్కోబోయిన కుడిచెయ్యీ పడింది. తెనాలి తీసుకొచ్చి నర్సింగ్‌హోములో చేరిస్తే, మణికట్టు పైదాకా తీసేశారు.

జాలీ ఉండగా చెయ్యెలా పోయిందని అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది అనుపమ. ఇంట్లో ఒక్కరూ నోరు విప్పలేదు.

జవాబు ఈ పొద్దున పెరటిగోడ అవతల్నుంచి కేకలు పెట్టింది.

"ఒరేయ్! పాదు మీద చెయ్యేస్తే చేతులిరుగుతాయి! కాయ మీదున్న పాదురా!"

సీతారావమ్మ గొంతు. అనుపమ బియ్యం గిన్నె దించి పెరట్లోకి నడిచింది. గోడ అవతల ఇద్దరు హమాలీలు బీరపాదుని కొడవళ్ళతో కోస్తున్నారు. మిల్లు గుమస్తా బసవేశ్వరరావు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, కోసిన తీగల్ని కాలితో పక్కకి నెడుతున్నాడు.

తీగ కింద ఇనుము బయటపడింది. ఆకుపచ్చ రంగు, నాలుగు మూలలా బోల్టుల కోసం బెజ్జాలు. పైమూల అర్ధచంద్రం ఆకారంలో కోత. లోపల తిరిగే కడ్డీ తగలకుండా ఆ కోత ఎక్కడ రావాలో అనుపమే గీసిచ్చింది.

ఆమె గోడ పట్టుకుంది.

"పిన్నిగారూ, ఇది మీ పెరట్లోకి ఎలా వచ్చింది?"

"ఎలా వస్తుంది? మీ ఇంటి ముందుకొచ్చే వచ్చింది" అంది సీతారావమ్మ, తెగిన తీగకి వేలాడుతున్న పిందెను పట్టుకుని. "శనివారం పూట తెచ్చాడు రిక్షావాడు. శనివారం ఇనుము గడప దాటడానికి వీల్లేదని మీ అత్తగారు గేటు దగ్గరే ఆపేసింది. వాడు ఎండలో మాడుతుంటే 'వదినగారూ, ఈ ఒక్క రోజుకీ మీ పెరట్లో పెట్టించండి' అంది. నాకు పట్టాల్సిన శని నా పెళ్ళినాడే పట్టాడు, పెట్టుకోండి అన్నాను."

"ఆ ఒక్క రోజు ఇంకా అవలేదా?"

"నన్నడుగుతావేంటి? ఎవరూ తీసుకెళ్ళకపోతే, ఊరికే పడుందని విత్తనం పెట్టాను. మీ ఇంటికీ పంపానుగా కాయలు! తిన్నారుగా!" అని, అంతలోనే గుమస్తా వైపు తిరిగింది. "నీ చేతులు పడిపోనూ, ఆ మొదలు కొయ్యకు!"

"నెమ్మది పిన్నిగారూ" అంది అనుపమ. "తథాస్తు దేవతలు వింటారు."

సీతారావమ్మ మొహం ఎర్రబడింది.

గిరీష్ కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. అనుపమ రావడం చూసి ఇంకా గట్టిగా తోమాడు.

"ఇదేనా మీరు బిగించిన జాలీ?"

అతను బ్రష్షు నోట్లోంచి తీయలేదు.

"మాట్లాడండి."

"పొద్దున్నే మొదలెట్టకు అనూ."

"అయితే మధ్యాహ్నం మొదలెడతాను, భోజనాల దగ్గర. మంగళవారం బీరకాయ పచ్చడి బాగుందని మళ్ళీ వేయించుకున్నారు. ఆ కాయలు దేని మీద కాశాయో తెలిసే తిన్నారా?"

గిరీష్ ఉమ్మేసి మొహం కడుక్కున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, ఆ తువ్వాలు వెనక నుంచే మాట్లాడాడు.

"మర్నాడు తీసుకెళ్దామనే అనుకున్నాం. లారీ దొరకలేదు. తర్వాత, అది బిగించాలంటే పూటంతా మిల్లు ఆపాలన్నారు. సీజన్లో ఆపేది లేదన్నారు నాన్న."

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వూరుకుంటావా?"

"ఊరుకోను. అందుకే చెప్పాలి."

గిరీష్ తువ్వాలు దించలేదు.

"అమ్మాయ్, ఇలా రా!"

దశరథరామయ్య పెరటి వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఎప్పుడూ వెనక్కి వాలి కూర్చునే మనిషి, ఇవాళ అంచున కూర్చున్నాడు.

"చూశావుగా? ఇక దాపరికం దేనికి. ఎల్లుండి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. జాలీ ఇవాళే మిల్లుకి వెళ్తుంది. ఒకవైపు బిగించి, రెండోవైపు ఊడదీసి ఉంచుతారు. తవుడు ఊడవడానికి అడ్డమొస్తుందని కొండమ్మే ఊడదీసిందని చెప్తాం. జాలీ బిగించాక నువ్వొచ్చి చూశావని ఒక సంతకం పెడితే చాలు."

"నేను చూడలేదు మావయ్యగారూ."

"నేను చూశాన్లే."

"ఎక్కడ? బీరపాదు కిందా?"

పడక్కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావో ఒంటి మీద తెలివుందా? నలుగురిలో మర్యాదగా బతికే ఇల్లిది. ఆ మిల్లుకి తాళం పడితే వీధిన పడేది మనమొక్కళ్ళమే కాదు. ఆ హమాలీలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, అందరూ. ఒక్క చెయ్యి కోసం అన్ని నోళ్ళు కొట్టమంటావా? నువ్వేసిన అంచనాలో అది లేదా?"

ఆ మాట అనుపమకి గుచ్చుకుంది. అందులో కొంత నిజముంది కాబట్టి గుచ్చుకుంది.

"ఉంది" అంది. "అందుకే జాలీ పెట్టమన్నాను. తప్పు కొండమ్మదని రాస్తే దానికి నష్టపరిహారం రాదు. చెయ్యి మనం తీసుకుని, తప్పు కూడా దాని చేతికే ఇస్తామా?"

"దాన్ని చూసుకోనని ఎవరన్నారు? ఆస్పత్రి ఖర్చు నాది. దాని అక్క కూతురికి మిల్లులో పనిస్తాను."

"ఏ పని? కొండమ్మ పనేనా? ఆ బెల్టు పక్కనేనా?"

"నోర్ముయ్!" అన్నాడు దశరథరామయ్య.

అప్పుడే హమాలీలు జాలీని చెరోవైపు పట్టుకుని సీతారావమ్మ ఇంటి పక్క సందులోంచి పెరటి గుమ్మం దగ్గరకొచ్చారు. తెగిన తీగలు ఇంకా దానికి చుట్టుకునే ఉన్నాయి. ఒక పసుప్పచ్చ పువ్వు కూడా ఉంది.

"అమ్మగారూ, వీధి చుట్టూ తిప్పి వ్యానెక్కించమంటారా?" అన్నాడొకడు.

"వీధిలోకా? ఊరంతా చూడ్డానికా?" అంది సుబ్బరత్నమ్మ పరుగున వచ్చి. "ఇంట్లోంచే పట్టుకెళ్ళండి. నట్టింట్లోంచి తీసుకెళ్ళి, వ్యాను గేటు లోపలికి తెచ్చి ఎక్కించండి. ఆ ఆకులన్నీ పీకెయ్యండి ముందు."

వాళ్ళు చెప్పులు విప్పి గడపలో కాలు పెట్టారు.

"అత్తయ్యా" అంది అనుపమ. "ఇవాళ వారం ఏంటి?"

సుబ్బరత్నమ్మ తలుపు రెక్క పట్టుకుని ఆగిపోయింది.

హమాలీలు కూడా ఆగారు. జాలీ సగం గడప లోపల, సగం బయట.

"శనివారం" అని అనుపమే చెప్పింది. "ఆ రోజు గేటు దాటనివ్వలేదు. ఇవాళ నట్టింట్లోంచి వెళ్ళొచ్చా? అప్పుడు కొండమ్మ చెయ్యి కాపాడ్డానికొచ్చిన ఇనుము. ఇవాళ మన్ని కాపాడ్డానికి వెళ్తోంది. అందుకని శని ఏమీ చెయ్యడా?"

"చూడండి, చూడండి దాని మాటలు!"

"మీరూ అంచనా వేశారత్తయ్యా. నేనొక్కదాన్నే కాదు. వారం చూశారు, నోటిమాట చూశారు, నిమ్మకాయలు కట్టారు. ఏది కీడో అన్నీ వెతికి వెతికి చూసుకున్నారు. బెల్టుని చూసి మాత్రం ఒక్కళ్ళూ భయపడలేదు. దాని పక్కన ఒంగేది మన చెయ్యి కాదుగా!"

హమాలీల్లో పెద్దవాడు జాలీ వైపే చూస్తున్నాడు, దాన్ని మొయ్యాలో దించాలో తెలియనట్టు.

"ఈ మహాతల్లిని ఇవాళే బాపట్ల బండెక్కించండి" అంది సుబ్బరత్నమ్మ. "వాళ్ళ నాన్నే నేర్చుకోవాలి ఈ నోటితో ఎలా వేగాలో. ఒరేయ్ గిరీషూ, వింటున్నావా?"

గిరీష్ వింటున్నాడు. అంతకు మించి ఏమీ చెయ్యడం లేదు.

దశరథరామయ్య కండువా భుజాన వేసుకున్నాడు.

"బండి సంగతి తర్వాత. కొండమ్మ వేలిముద్ర వేస్తే ఈవిడ సంతకంతో పనే లేదు. బసవయ్యా, కాగితం, ముద్రల పెట్టె పట్టుకో. గిరీషూ, కారు తియ్యి."

"నేనూ వస్తాను" అంది అనుపమ.

"నువ్వెందుకు?"

"మీరు దాన్ని ఏమడుగుతారో నా చెవులతో వినాలి."

రావద్దంటే వీధిలో నిలబడి అరుస్తుందేమోనని ఆయనకి భయం వేసినట్టుంది. కారు వెనక తలుపు తెరిచే వదిలేశాడు.

నర్సింగ్‌హోములో కొండమ్మ మంచం కిటికీ పక్కన ఉంది. కుడిచేతికి పెద్ద కట్టు. పక్కన స్టూలు మీద కంచంలో పెరుగన్నం ఎండి అట్టకట్టింది. అక్క కూతురు గోడకానుకుని నిలబడి ఉంది.

"తినలేదా?" అంది అనుపమ.

"నేను కలిపి పెడతానంటే ఒద్దంటదండి" అంది ఆ పిల్ల. "పోనీ ఎడం చేత్తో తినవే పిన్నీ అంటే, ఛీ అని మొహం తిప్పేసుకుంటంది."

కొండమ్మ అనుపమని చూసి ఒక్కసారి నవ్వబోయింది. ఆమె వెనకున్న వాళ్ళని చూసి మానుకుంది.

"ఎలా ఉంది కొండమ్మా?" అన్నాడు దశరథరామయ్య.

"ఉన్న చెయ్యి బానే ఉందండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. నిలబడే మాట్లాడాడు.

"నీకేం దిగుల్లేదు. మందులూ ఖర్చులూ నేను చూసుకుంటాను. ఈ పిల్లకి మిల్లులో పనిస్తాను. ఎన్నేళ్ళుగా ఉన్నావు మా దగ్గర, నిన్ను వదిలేస్తానా? ఎల్లుండి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఒక్క మాట చెప్పాలి. బసవయ్యా, చదువు."

బసవేశ్వరరావు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. బెల్టుకి జాలీ బిగించి ఉందని, తవుడు ఊడవడానికి అడ్డంగా ఉందని తనే ఊడదీశానని, ఇందులో యాజమాన్యం తప్పేమీ లేదని.

కొండమ్మ శ్రద్ధగా వింది.

"జాలీ అంటే ఏందండి?" అంది.

గుమస్తా యజమాని వైపు చూశాడు.

"నేనసలు దాన్ని చూడను కూడా లేదు గదండి. చూడందాన్ని ఎట్టా ఊడదీశాను?"

"ఇనప కంచె లాంటిది" అంది అనుపమ. "నీకోసమే చేయించారు. మా పక్కింటి పెరట్లో బీరపాదు కింద ఉంది. ఈ పొద్దునే పాదు కోసి తీశారు."

"అమ్మాయ్!" దశరథరామయ్య చెయ్యి లేచింది. పక్క మంచాల వాళ్ళు చూస్తున్నారని మళ్ళీ దిగింది. "ఇంకొక్క మాటంటే నిజంగానే బాపట్ల బండెక్కుతావు."

"ఎక్కుతాను. ఇన్‌స్పెక్టరుకి ఈ మాట చెప్పి ఎక్కుతాను."

గిరీష్ కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తున్నాడు. భార్య మాటా వినిపించింది, తండ్రి మాటా వినిపించింది. ఊచల మీద అతని వేళ్ళు తెల్లబడ్డాయి. వెనక్కి మాత్రం తిరగలేదు.

"ఆవిడ మాట పట్టించుకోకు కొండమ్మా" అన్నాడు దశరథరామయ్య, గొంతుకి తియ్యదనం తెచ్చుకుని. "అసలు నీకింత కష్టం వచ్చింది ఆ నోటి వల్లే. అందరూ అంటున్నదే."

"అమ్మాయిగారు అనకముందు నుంచీ ఆ బెల్టు మా కొంగులు లాగతానే ఉందండి. చెప్పుకునే ధైర్యం మాకు లేక ఊరుకున్నాం. ఆయమ్మ పైకి అన్నారు, అంతే తేడా."

"సరే, సరే. ఆ గొడవంతా ఇప్పుడెందుకు? బసవయ్యా, కానియ్యి."

బసవేశ్వరరావు ముద్రల పెట్టె మూత తీశాడు. ఎందరు ఆడకూలీల చేత వేలిముద్రలు వేయించాడో ఆయనకే తెలియదు. మగవాళ్ళకి ఎడమ బొటనవేలు, ఆడవాళ్ళకి కుడి బొటనవేలు. ఆ అలవాటు ఆయన నాలిక మీదే ఉంటుంది.

"ఏదీ, కుడి చెయ్యి ఇలా..."

అనేశాడు. అన్నాక తెలిసింది.

కట్టు కట్టిన చెయ్యి దుప్పటి మీద కదల్లేదు. అక్క కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. దశరథరామయ్య పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

బసవేశ్వరరావు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎడందైనా చెల్లుతుందిలే కొండమ్మా" అన్నాడు, చిన్న గొంతుతో. "ఎడం వేలు పెట్టు."

కొండమ్మ తన ఎడమచేతిని ఎత్తి, తిప్పి చూసుకుంది. స్టూలు మీది కంచాన్ని ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

"పెట్టనండి. ఇక నించి దీంతోనే అన్నం తినాలి."